వీధి పేరులో మిగిలిన వడ్రంగి

1994 జనవరిలో నేను న్యూయార్కులో ఉద్యోగంలో చేరినప్పుడు, నాకంటే రెండేళ్ళు ముందు వెళ్ళిన మిత్రుడొకడు నాకోసం చూసిపెట్టిన అద్దె వాటా క్వీన్స్‌లో ఆస్టోరియా ఉత్తరపు కొసన, ఇరవయ్యో అవెన్యూకు దగ్గరలో ఉండేది. ఎర్ర ఇటుకల ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని బారుగా నిలబడి ఉండేవి. లగార్డియా విమానాశ్రయంలో దిగే విమానాలు మా పైకప్పును రాసుకుంటూ పోతాయేమో అన్నంత కిందుగా వెళ్ళేవి. ఇంటి యజమానురాలు గ్రీసు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉంటున్న పెద్దావిడ. ఆవిడ ఇంగ్లీషు నాకు, నా ఇంగ్లీషు ఆవిడకు సగమే అర్థమయ్యేవి కాబట్టి మా మధ్య తగవు వచ్చే అవకాశమే లేకపోయింది.

మొదటి నెలలోనే నాకొక సంగతి వింతగా తోచింది. మా పక్క పెద్ద వీధి పేరు స్టైన్‌వే. దాని మీది సబ్‌వే స్టేషను పేరు స్టైన్‌వే. గ్రంథాలయం పేరూ అదే, చర్చి పేరూ అదే. నేను ఆఫీసు నుంచి ఫ్లషింగ్‌లోని గణపతి గుడికి వెళ్ళేటప్పుడు ఈస్ట్ నది కింద నుంచి రైలు దాటే సొరంగం పేరు కూడా అదేనని తర్వాత తెలిసింది. మన వైపు ఒక మనిషి పేరు ఇన్నింటికి పెట్టాలంటే ఆయన జమీందారు అయినా అయి ఉండాలి, ముఖ్యమంత్రి అయినా అయి ఉండాలి. ఈ పేరు గలాయన పియానోలు చేసే జర్మన్ వడ్రంగి అని మా ఇంటావిడ చెప్పినప్పుడు, ఆవిడ ఇంగ్లీషును నేను మరోసారి తప్పుగా అర్థం చేసుకున్నానేమో అనుకున్నాను.

నేను వడ్రంగి కొడుకుని. మాది బొబ్బిలి దగ్గర చిన్న ఊరు. మా నాన్న తలుపులు, ద్వారబంధాలు, మంచాలు, నాగళ్ళు చేసేవారు. పదిహేను, పదహారేళ్ళ వయసులో గొల్లపల్లిలో వీణలు చేసేవారి దగ్గర కొంతకాలం ఉండి, పనస దుంగను కుండగా దొలవడం దాకా నేర్చుకుని, ఇంటి పరిస్థితి బాగాలేక తిరిగి వచ్చేశారట. ఆ తర్వాత జీవితమంతా వీణ ముట్టుకోకపోయినా, పనస కర్ర ఎక్కడ కనిపించినా వేలి కణుపుతో ఒకసారి కొట్టి చెవి పెట్టి వినే అలవాటు మాత్రం ఆయనకు పోలేదు. ఒక పర్యాయం మా పంచాయతీలో వార్డు మెంబరుగా కూడా పనిచేశారు. అందుచేత, ఒక వడ్రంగి పేరు నగరం మీద ఇంతగా ఎలా అంటుకుందో తెలుసుకోవాలన్న పట్టుదల నాకు కలిగింది. శనివారాలు గ్రంథాలయంలో కూర్చుని, దొరికిన పుస్తకాలన్నీ తిరగేస్తూ ఆయన కథను కొద్దికొద్దిగా పోగు చేసుకున్నాను.

ఆయన అసలు పేరు విల్‌హెల్మ్ స్టైన్‌వేగ్. విలియం స్టైన్‌వే అయింది అమెరికా వచ్చాక. 1835 మార్చి 5న, హార్ట్స్ కొండల అంచున, అప్పటి బ్రన్‌స్విక్ సంస్థానంలోని జేజెన్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి హైన్రిష్ బీరువాలు, బల్లలు చేసే పనివాడు. తన మొదటి పియానోల్లో ఒకదాన్ని ఇంటి వంటగదిలోనే చేశాడని చెప్పుకుంటారు. ఆ పియానోను ఇప్పటికీ వంటగది పియానో అనే పిలుస్తారు. 1848 విప్లవాల తర్వాత జర్మన్ సంస్థానాల్లో బతుకుతెరువు కష్టమై, 1849లో ఒక కొడుకు ముందుగా న్యూయార్కు వెళ్ళి చూసి రాసిన మీదట, 1850లో మిగతా కుటుంబమంతా హాంబర్గులో ఓడ ఎక్కింది. పెద్దకొడుకు థియోడర్ మాత్రం జర్మనీలోనే ఆగిపోయాడు. అప్పటికి విల్‌హెల్మ్‌కు పదిహేనేళ్ళు.

దిగీ దిగగానే సొంత దుకాణం పెట్టలేదు వాళ్ళు. ఇది నాకు నచ్చిన సంగతి. తండ్రీ కొడుకులు తలా ఒక పియానో కార్ఖానాలో కూలికి చేరి, కొత్త దేశపు భాషను, అక్కడి కర్రను, అక్కడి వాతావరణానికి ఆ కర్ర ఎలా బిగుసుకుంటుందో ఎలా పగులుతుందో మూడేళ్ళ పాటు చూశారు. కుర్రవాడు విల్‌హెల్మ్, విలియం నన్స్ అనే ఆయన దగ్గర పనిలో చేరాడు. అతని పని పియానో పొట్టలోని ధ్వనిపలకను అమర్చడం, అంటే తీగల కంపనాన్ని అందుకుని గదంతా వినిపించేలా చేసే ఆ పల్చని స్ప్రూస్ పలకను సరిగ్గా కూర్చోబెట్టడం. వీణకు మన కుండ మీది పలక ఎలాగో పియానోకు అది అలాగ. చివరికి 1853 మార్చి 5న, విల్‌హెల్మ్ పద్దెనిమిదో పుట్టినరోజు నాడు, మన్‌హాటన్‌లోని వారిక్ వీధిలో స్టైన్‌వే అండ్ సన్స్ మొదలయింది. రెండేళ్ళకే న్యూయార్కు ప్రదర్శనలో వాళ్ళ పియానోకు బంగారు పతకం వచ్చింది. 1860 నాటికి ఇప్పుడు పార్క్ అవెన్యూ అని పిలుస్తున్న వీధిలో పెద్ద కార్ఖానా లేచింది. 1864లో చట్టప్రకారం ఇంటిపేరును స్టైన్‌వేగా మార్చుకున్నారు. దాని వెనుక వ్యాపారం కొంత ఉంది, ఇక వెనక్కి వెళ్ళేది లేదన్న నిశ్చయం కొంత ఉంది అని నా ఊహ.

ఆ తర్వాతి సంవత్సరం వాళ్ళ ఇంటికి పెద్ద దెబ్బ తగిలింది. 1865 మార్చిలో ఒకే నెలలో ఇద్దరు అన్నలు, హెన్రీ, చార్లెస్, చనిపోయారు. థియోడర్ జర్మనీలోని తన వ్యాపారాన్ని అమ్మేసి వచ్చి కార్ఖానా పని చూసుకుంటే, వ్యాపారమూ, డబ్బూ, మనుషులూ ముప్ఫై ఏళ్ళు నిండిన విలియం మీద పడ్డాయి. అప్పటి నుంచి ఆయన చేతికి ఉలి తగలడం తగ్గిపోయి, కలం తగలడం ఎక్కువయింది. 1866లో పద్నాలుగో వీధిలో రెండువేల మందికి పైగా పట్టే స్టైన్‌వే హాలు కట్టించాడు. పాతికేళ్ళ తర్వాత కార్నెగీ హాలు వచ్చేవరకు న్యూయార్కులో గొప్ప కచేరీలకు అదే వేదిక. అందులోకి వెళ్ళేవారు ముందుగా పియానోలు అమ్మే గది దాటి వెళ్ళాలి. దేవుడి దగ్గరకు వెళ్ళే దారిలో కొబ్బరికాయల కొట్టు పెట్టడం మనవాళ్ళకు తెలిసిన విద్యే కాబట్టి అది చదివి నేను నవ్వుకున్నాను.

నేను బతికిన ఊరు ఆయన జీవితంలోకి వచ్చేది 1870లో. ఆ యేడు ఆయన ఆస్టోరియా ఉత్తరాన, నీటి ఒడ్డున నాలుగువందల ఎకరాలు కొన్నాడు. అప్పటికి అది నగరం కాదు. బురద మడుగులు, తోటలు, పడవ దిగే చోటు. ఆస్టోరియా అన్న పేరు కూడా ఒక జర్మన్ వలసదారుడిదే. న్యూయార్కులో వాద్యపరికరాలు కూడా అమ్మి, తర్వాత బొచ్చు తోళ్ళ వ్యాపారంలో కుబేరుడైన జాన్ జేకబ్ ఆస్టర్ పేరు పెడితే పెద్ద విరాళం ఇస్తాడని ఊరివాళ్ళు ఆశపడ్డారు. ఆయన ఇచ్చింది ఐదువందల డాలర్లేనట. స్టైన్‌వే అలా కాదు. తన పేరును ఊరు పెట్టేవరకు ఆగలేదు. ఊరినే తెచ్చి పెట్టాడు.

రంపపు మిల్లు, ఇనుప చట్రాలు పోతపోసే కొలిమి, దుంగలు నానబెట్టడానికి నీటి మడుగు ముందు వచ్చాయి. ఆ వెనుక పనివాళ్ళ కోసం ఇటుకల ఇళ్ళు వచ్చాయి. నేను అద్దెకున్నది అలాంటి వరుసకు దగ్గరలోనే. మూల ఇళ్ళ గోడల మీద పాత వీధి పేర్లు చెక్కిన రాళ్ళు నా రోజుల్లోనూ ఉండేవి. ఇప్పుడు అంకెలు వేసిన ఆ వీధుల్లో కొన్నింటికి ఒకప్పుడు స్టైన్‌వే ఇంట్లోవాళ్ళ పేర్లు ఉండేవట. నలభై ఒకటో వీధి అప్పట్లో థియోడర్ వీధి. ఇళ్ళతో పాటు బడి, చిన్నపిల్లల బడి, చర్చి, పోస్టాఫీసు, తోట, స్నానశాల, పుస్తకాల గది ఒక్కొక్కటిగా చేరాయి. ఊరి బడిలో పిల్లలకు జర్మన్ భాష, పాట నేర్పించే ఏర్పాటు కూడా చేయించాడు. ఒక చిన్న గుట్ట మీద, కళ్ళద్దాలు, దుర్భిణులు తయారుచేసే వ్యాపారి ఒకాయన అంతకుముందు కట్టుకున్న బూడిదరంగు రాతి మేడను కొని అందులో వేసవులు గడిపేవాడు. నేను ఉన్నప్పుడు ఆ మేడ చుట్టూ లారీలు, గోదాములు, తుప్పు పట్టిన ఇనుప కంచె. మధ్యలో మాత్రం చెట్ల గుబురులో గోపురం ఉన్న ఇల్లు. ఆదివారం పొద్దున అటు నడిచినప్పుడల్లా నాకు బొబ్బిలి కోట పక్కన వెలిసిన సైకిలు షాపులు గుర్తుకొచ్చేవి.

ఇదంతా దయతో చేశాడని చెబితే అది అబద్ధమే అవుతుంది. మన్‌హాటన్‌లో పనివాళ్ళను రెచ్చగొట్టే అరాచకవాదులు, సోషలిస్టుల అందుబాటు నుంచి వాళ్ళను దూరంగా తీసుకుపోవడమే భూమి కొనడానికి ఒక ముఖ్య కారణమని ఆయనే తర్వాత బాహాటంగా చెప్పుకున్నాడు. కార్మికులు రోజుకు ఎనిమిది గంటల పని కావాలని 1872లో సమ్మె కట్టినప్పుడు ఆయన వాళ్ళ పక్షాన నిలబడలేదు. కార్ఖానా గుమ్మం దగ్గర పోలీసులు నిలబడ్డారు. 1880లో మళ్ళీ సమ్మెలు వచ్చాయి. చిత్రం ఏమిటంటే సమ్మె చేసినవారిలోనూ జర్మన్లే ఎక్కువ. లీడర్‌క్రాంట్స్ అనే జర్మన్ గాయక సంఘానికి ఆయన ఏళ్ళ తరబడి అధ్యక్షుడిగా ఉండి, వరుసలో నిలబడి తానూ గొంతు కలిపి పాడుతుండగా, అదే భాష మాట్లాడే వడ్రంగులు వీధిలో ఆయనకు వ్యతిరేకంగా నినాదాలిచ్చేవారు. పదిహేనేళ్ళ వయసులో తాను కూలికి పనిచేసిన సంగతి ఆయన మరిచిపోయాడా, లేక దాన్ని గుర్తుంచుకునే ఇంత కఠినంగా ఉన్నాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను. నా మట్టుకు నాకు రెండోదే నిజమనిపిస్తుంది. కింది నుంచి పైకి వచ్చిన మేస్త్రీలు కింద ఉన్నవాడి కష్టాన్ని తక్కువగా చూడడం మా నాన్న పనిచేసిన చోట్ల కూడా నేను చూశాను.

అయినా ఊరి పనుల్లో ఆయన ఒంటిని దాచుకోలేదన్నది కూడా అంతే నిజం. ఆస్టోరియాలో గుర్రాలు లాగే ట్రాములు వేయించాడు. పనివాళ్ళకు ఆదివారం పోవడానికి ఒక చోటు ఉండాలని, జార్జ్ ఎరెట్ అనే మరో జర్మన్ బీరు వ్యాపారితో కలిసి 1886లో నీటి ఒడ్డున విహారస్థలం తెరిచాడు. తర్వాత నార్త్ బీచ్ అని పేరు పడ్డ ఆ చోటే ఈనాటి లగార్డియా విమానాశ్రయం. మా పైకప్పు మీది విమానాలన్నీ ఆయన ఇసుక తిన్నెల మీదే దిగేవన్నమాట. డెమోక్రటిక్ పార్టీలో ఆయనకు మంచి పలుకుబడి ఉండేది. గ్రోవర్ క్లీవ్‌లాండ్ అధ్యక్ష భవనంలో పెళ్ళి చేసుకున్నప్పుడు బహుమతిగా పియానో పంపాడు. 1888లో మోటారు ఇంజిన్లు చేసే జర్మన్ ఇంజనీరు గాట్లీబ్ డైమ్లర్‌తో ఒప్పందం చేసుకుని అమెరికాలో ఆయన ఇంజిన్లు చేయించడానికి కంపెనీ పెట్టాడు, నష్టపోయాడు. వీటిలో దేన్నీ ఆయన సగం మనసుతో చేసినట్టు కనిపించదు. కీళ్ళవాతంతో చేతి వేళ్ళు వాచి, నెలల తరబడి నడవలేక మంచాన పడిన రోజుల్లో కూడా సమావేశాలు మానేవాడు కాదు.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది సొరంగం కథ. నా ఆఫీసు గ్రాండ్ సెంట్రల్ స్టేషనుకు నాలుగు వీధుల దూరం. శుక్రవారం సాయంత్రాలు అక్కడ ఏడో నంబరు రైలెక్కి, చివరి స్టేషనులో దిగి, గుడికి నడిచి, దర్శనమయ్యాక కింది అంతస్తు క్యాంటీనులో దోసె తిని ఇంటికి రావడం తొమ్మిదేళ్ళ పాటు నాకు నియమం. ఆ గుడి విగ్రహాలు మన ఆంధ్రదేశపు శిల్పుల చేతుల్లో రూపుదిద్దుకున్నాయని విన్నప్పటి నుంచి అది నాకు మరింత దగ్గరయింది. రైలు గ్రాండ్ సెంట్రల్ దాటగానే కిందికి దిగుతూ, గోడలు రెండు వైపులా దగ్గరకు వచ్చి, చక్రాల చప్పుడు చెవుల్లో గుచ్చుకునేంతగా పెరుగుతుంది. మిగతా సొరంగాలకంటే ఇది ఇరుకు. ట్రాలీ బండ్ల కోసం తవ్వింది కాబట్టి ఇరుకు అని తర్వాత తెలుసుకున్నాను.

1890 ప్రాంతంలో విలియం స్టైన్‌వే మన్‌హాటన్‌ను, క్వీన్స్‌ను నది కింద నుంచి కలిపే ఈ పనిని తన భుజాన వేసుకున్నాడు. పడవలే దిక్కయిన రోజుల్లో అది జరిగితే ఆయన భూముల విలువ పదింతలవుతుంది. ఆ లెక్క ఆయనకు తెలియదని ఎవరూ అనరు. 1892 జూన్‌లో తవ్వకం మొదలయింది. ఆ సంవత్సరమే డిసెంబరు 28న, చలికి గడ్డకట్టిన డైనమైటును వేడిచేసి కరిగిస్తుండగా అది పేలి, ఐదుగురు చనిపోయారు. చుట్టుపక్కల ఇళ్ళు దెబ్బతిన్నాయి. మరుసటి సంవత్సరం దేశమంతటా బ్యాంకులు కుప్పకూలాయి. పని ఆగిపోయింది. ఆయన బతికి ఉండగా మళ్ళీ మొదలు కాలేదు. తర్వాత ఆగస్ట్ బెల్మాంట్ అనే కోటీశ్వరుడు 1905లో ఆ పనిని తిరిగి అందుకుని 1907లో ముగించాడు. అనుమతుల చిక్కుల్లో మరో ఎనిమిదేళ్ళు పోయి, 1915 జూన్ 22న అందులో రైలు నడిచింది. తవ్వి తీసిన రాయిని నది మధ్యలో ఒక దిబ్బ మీద పోస్తే అదొక చిన్న ద్వీపంగా నిలిచింది. డబ్బు పెట్టి పూర్తి చేసినవాడి పేరు కొన్నాళ్ళు ఆ ద్వీపానికి ఉండి తర్వాత అదీ మారింది. సగంలో వదిలిపెట్టాల్సి వచ్చినవాడి పేరే సొరంగానికి నిలిచింది.

సొరంగంతో పాటు మరో పని కూడా ఆయన నెత్తిన పడింది. న్యూయార్కుకు వేగమైన రైళ్ళు ఎలా రావాలో తేల్చే కమిషనుకు ఆయన అధ్యక్షుడు. దాన్ని జనం స్టైన్‌వే కమిషన్ అనే పిలిచేవారు. నేల కింద విద్యుత్తుతో నడిచే రైళ్ళు కావాలని 1891లో ఆ కమిషను ఒక ప్రణాళిక ఇచ్చింది. 1892 చివర దాన్ని వేలానికి పెడితే తగినవాడెవడూ ముందుకు రాలేదు. ప్రైవేటు డబ్బు రాకపోతే నగరమే కట్టుకోవాలన్న వాదన ఆ తర్వాతే బలపడింది. 1894లో కొత్తగా ఏర్పడిన బోర్డులోనూ ఆయన సభ్యుడే. 1896 నవంబరు 30న గ్రామర్సీ పార్కులోని ఇంట్లో టైఫాయిడ్ జ్వరంతో పోయేనాటికి ఒక్క గజం సబ్‌వే కూడా తవ్వలేదు. మొదటి రైలు నడిచింది 1904లో. రోజూ ఆ రైళ్ళలో నలుగుతూ వెళ్ళే నేను, చంటిపిల్లవాడి ఏడుపుకో సీటు కోసమో చిరాకుపడిన రోజుల్లో, ఈ రైలు ఎక్కాలని ఎదురుచూసి ఎక్కలేకపోయిన మనిషిని గుర్తుచేసుకుని తగ్గేవాణ్ణి. ఎప్పుడూ తగ్గానని చెప్పలేను.

1998 శరదృతువులో మా నాన్న వచ్చారు. ఆయన మొదటి విమాన ప్రయాణం, ఒక్కటే కూడా. మూడు నెలలుంటారనుకుంటే ఆరు వారాలకే వెళ్ళిపోతానన్నారు. ఎంపైర్ స్టేట్ భవనాన్ని చూసి "చాలా ఎత్తుందిరా" అన్నారు, అంతే. స్వేచ్ఛాదేవి విగ్రహాన్ని చూసి చలేస్తోందన్నారు. చివరికి, మా ఇంటికి పది నిమిషాల నడకలో ఉన్న స్టైన్‌వే కార్ఖానాలో సందర్శకులను తీసుకుపోయి చూపిస్తారని తెలిసి, సెలవు పెట్టి ఆయన్ను వెంట తీసుకెళ్ళాను.

లోపలికి అడుగుపెట్టగానే జిగురు, పచ్చి కర్ర పొట్టు కలిసిన వాసన వచ్చింది. నాన్న గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆరు వారాల్లో మొదటిసారి ఆయన నడుము నిటారుగా అయింది. పొడవైన మేపుల్ పట్టీలకు జిగురు పూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పచ్చిగా ఉండగానే ఆరుగురు మనుషులు ఎత్తుకొచ్చి, పియానో ఆకారంలో ఉన్న ఇనుప అచ్చు చుట్టూ ఒంటి బరువంతా వేసి వంచుతున్నారు. పెద్ద కచేరీ పియానోకు అలాంటి పొరలు పద్దెనిమిది. జిగురు బిగుసుకునేలోపు బిగింపులన్నీ పడాలి కాబట్టి ఎవరూ మాట్లాడడం లేదు. మరలు తిప్పే చప్పుడు, ఊపిరి చప్పుడు మాత్రమే. ఆ పద్ధతి థియోడర్ స్టైన్‌వే 1880లో పేటెంటు చేయించుకున్నది. అప్పటికీ ఇప్పటికీ పెద్దగా తేడా లేదని మాకు చూపిస్తున్నాయన చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను.

"కర్రని వంచీసినా దాని పగ చావదురా. ఎన్నాళ్ళు ఉంచుతారేటి?" అని అడిగారు నాన్న.

అచ్చు నుంచి తీశాక ఆ చట్రాలను వెచ్చటి గదిలో వారాల తరబడి నిలబెడతారని ఆయన అడిగిన దానికి జవాబు వచ్చింది. నాన్న తల ఊపారు. గొల్లపల్లిలో పనస దుంగను దొలిచాక ఎండ తగలకుండా నీడలో ఆరబెట్టడం ఆయనకు గుర్తొచ్చిందని వేరే చెప్పక్కర్లేదు. "మనవాళ్ళు దొలిచి తీస్తారు, ఈళ్ళు అతికి తెస్తారు" అన్నారు కొంతసేపటికి. ఏకాండి వీణలో అతుకు ఉండదు, కుండా దండీ ఒకే దుంగ. ఇక్కడ అతుకే బలం. ఈ తేడాను ఆయన దారి పొడుగునా నాలుగైదుసార్లు తలుచుకున్నారు. ధ్వనిపలకల గదిలో, మాకు చూపిస్తున్నాయన అటు తిరిగి ఉండగా, గోడకు ఆనించిన స్ప్రూస్ పలకను వేలి కణుపుతో ఒకసారి కొట్టి చెవి పెట్టారు. పక్కనే పనిచేస్తున్న, నాన్న వయసే ఉన్న ఒక పనివాడు అది చూశాడు. ఏమీ అనలేదు. మరో పలక తీసి, దాన్ని తాను కొట్టి, నాన్న ముందుకు జరిపాడు. ఇద్దరూ అలా మూడు పలకలు విన్నారు. ఏ దేశపువాడో మేము అడగలేదు, ఆయనా మమ్మల్ని అడగలేదు. మేము వెళ్ళిపోతుండగా చెత్త డబ్బాలోంచి జానెడు పొడవున్న మేపుల్ ముక్కను తీసి నాన్న చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక విలియం స్టైన్‌వే కథంతా నాన్నకు చెప్పాను. సమ్మెల దగ్గర ఆయన మొహం చిట్లించారు. సొరంగం దగ్గర, పేలుడులో పోయినవాళ్ళకు పరిహారం ఏమైనా ఇచ్చారా అని అడిగారు. అంతా విన్నాక, "మరి నువ్వు ఈ ఊర్లో ఏటి చేస్తన్నావు?" అన్నారు. ఉద్యోగం చేస్తున్నానన్నాను. అది కాదని చెయ్యి ఊపారు. మా పేటలో నెలకొకసారి కమ్యూనిటీ బోర్డు సమావేశం జరుగుతుందని, చెత్త, పార్కింగు, బడి గోడ వంటివి అక్కడ మాట్లాడతారని, ఆ కాగితం గ్రంథాలయం గోడకు అంటించి ఉండేదని నాకు తెలుసు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి వెళ్ళలేదు. వీసా మీద ఉన్నవాళ్ళం, మనకెందుకు అనుకునేవాణ్ణి. గ్రీన్ కార్డు వచ్చాక కూడా అదే అనుకున్నాను. నాన్నకు ఆ సమావేశం సంగతి చెప్పకుండా దాటవేశాను.

2003లో నేను విశాఖపట్నానికి తిరిగి వచ్చేశాను. నాన్న 2009లో పోయారు. ఆ మరుసటి యేడు చివర, విలియం స్టైన్‌వే దినచర్య మొత్తాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ ఇంటర్నెట్లో పెట్టిందని చదివి, చాలా రాత్రులు దాని ముందు కూర్చున్నాను. 1861 ఏప్రిల్‌లో, అమెరికా అంతర్యుద్ధం మొదలైన వారం రోజులకు, తన పెళ్ళికి మూడు రోజుల ముందు మొదలుపెట్టి, చనిపోయిన నెల దాకా ముప్ఫై అయిదేళ్ళు రాశాడు. ఇరవై ఆరేళ్ళ జర్మన్ కుర్రవాడు దాన్ని ఇంగ్లీషులో రాయడానికి పూనుకోవడమే నాకు పెద్ద విషయంగా కనిపించింది. ఎవరూ చూడని పుస్తకంలో కూడా కొత్త దేశపు భాషే రాశాడు. వాతావరణం, ఖర్చులు, కీళ్ళ నొప్పులు, పాటల సాధనలు, పేకాట, కమిటీలు. మొదటి భార్య నమ్మకద్రోహం తెలిసిన తర్వాతి రోజులు చదవడం కష్టం. వాటి పక్కనే కార్ఖానా లెక్కలు ఎప్పటిలాగే ఉంటాయి.

మేపుల్ ముక్క సంగతి చెప్పాలి. నాన్న దాన్ని పంచె మడతల్లో చుట్టి సూట్‌కేసు అడుగున పెట్టుకుని మా ఊరు తీసుకెళ్ళారు. ఉలికి పిడి చేద్దామనుకున్నారట. చిత్రిక పట్టబోతే కర్ర మరీ గట్టిగా ఉంది, చేసి చూస్తే చేతికి బరువైంది. తర్వాత నేను ఊరు వెళ్ళినప్పుడు అదేమయిందని అడిగితే, పంచాయతీ ఆఫీసులో బల్ల కుంటుతోందని, సంతకం పెట్టేటప్పుడల్లా ఊగుతోందని, దానికి కోసి కాలి కింద కొట్టేశానని చెప్పారు. అప్పటికి ఆయన మెంబరు కూడా కాదు. మొన్నామధ్య వెళ్ళి చూశాను. ఆఫీసు కొత్త భవనంలోకి మారింది, బల్లలన్నీ ఇనుపవి. పాత బల్ల ఎవరు తీసుకెళ్ళారో అక్కడ ఎవరికీ తెలియదు.